దొంగ కప్పు

కిందటి వారం కోడల్ని వంటింటి గట్టు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా కాఫీ యంత్రమూ ఉంది. మామగారు మాత్రం ఆసుపత్రిలో ఉన్నారు. నోటి నుంచి కడుపు దాకా కాలిపోయింది, మాట పడిపోయింది, ముక్కులో గొట్టం పెట్టారు. ఆయన్ని కాల్చింది ఈ యంత్రం పొద్దున్నే కాచిన కాఫీయే. నీళ్ళు ఉండాల్సిన తొట్టిలో ఆ రాత్రి గార వదిలించే మందు ఉంది. మందు పోసింది కోడలు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు, ఆమెకీ లేదు. పేచీ అంతా ఒక్కచోటే ఉంది. మందు పోసి, టైమరు ఆపేసి పడుకున్నానని ఆమె అంటుంది. ఆపేసిన యంత్రం తెల్లారేసరికి కాఫీ ఎలా కాచింది? ఆమె మర్చిపోయిందా, యంత్రం దానంతటదే ఆన్ అయిందా? ఈ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేరు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కోడలు వినియోగదారుల పత్రికలో పనిచేస్తుంది. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, వేడినీళ్ళ బాయిలర్లు వాడి చూసి, ఏది కొనొచ్చో ఏది డబ్బు దండగో తేల్చి రాయడం ఆమె ఉద్యోగం. ఈసారి ఆమె వంతుకి వచ్చింది ఖరీదైన కాఫీ మెషీను. రాత్రి పొడి వేసి, నీళ్ళు పోసి, టైము పెట్టి పడుకుంటే పొద్దున్న మనం లేచేసరికి కాఫీ దిగి ఉంటుంది. దాని ధర విన్నప్పుడు మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చెప్పమన్నారు. విన్నాక, ఈ లెక్కన ఇది మెషీను కాదు కొత్త అల్లుడు, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకోవాలి అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు అల్లుడే.

ఆ పత్రిక వాళ్ళకో పద్ధతి ఉంది. యంత్రం ఏదైనా కొన్నాళ్ళు ఒక ఇంట్లో ఉండాలి, ఇంటిల్లిపాదీ వాడాలి. పేరు చూసి మోసపోకుండా యంత్రం ముందుభాగానికి నల్ల టేపు అంటిస్తారు. పాలు పోస్తే అన్ని కాఫీలూ ఒకలాగే ఉంటాయి కాబట్టి డికాక్షన్ ఒట్టిదే తాగాలి, పంచదార కూడా ఉండదు. చల్లారేకొద్దీ రుచి మారుతుంది కాబట్టి కప్పు అడుగుదాకా తాగితేగానీ మార్కు వేయకూడదు. తాగుతూ మాట్లాడకూడదు, ముఖం చిట్లించకూడదు. తాగేశాక వేళ్ళు చూపించాలి, అయిదుకి ఎన్నో. ఇవన్నీ పత్రిక నియమాలు. వాటికి కోడలు సొంతంగా ఇంకోటి చేర్చింది. అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా చెడ్డ కాఫీ ఒకటి కలిపేది. ఒకసారి పాతబడ్డ పొడి, ఒకసారి ఉప్పునీళ్ళు. అది కనిపెట్టనివాళ్ళ మార్కులు లెక్కలోకి రావు. ఆ చెడ్డ కాఫీకి ఇంట్లో పెట్టుకున్న పేరు దొంగ కప్పు. దాన్ని పట్టుకున్నవాళ్ళు నోటితో చెప్పరు, తాగేసి కప్పుని సాసర్లో బోర్లిస్తారు.

మామగారు తూకాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. బతుకంతా కొట్ల వెంట తిరిగి కాటాలో పడికట్టు రాళ్ళు సరిచూసిన మనిషికి ఇంటికొచ్చిన పరీక్ష కన్నా ఇష్టమైనది ఏముంటుంది? దొంగ కప్పు ఒక్కటీ ఆయన్ని దాటిపోలేదు. ఉప్పునీళ్ళ కాఫీని సైతం చివరి చుక్క దాకా తాగి, కప్పు బోర్లించి, కోడలి వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. కొడుకు ఇదేం ముచ్చటన్నాడు, ముసలాయన్ని ఎందుకు ఏడిపిస్తావన్నాడు. ఏడవటం లేదురా, చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగం దొరికిందని మామగారు కసిరారు.

ఇదీ జరిగిన సంగతి. ఇక వంటింట్లోకి వెళ్దాం.

పొద్దుటి నుంచీ కోడలు యంత్రాన్ని చిత్రహింస పెడుతోంది. ఉత్త నీళ్ళు పోసి, టైమరు ఆపేసి, కరెంటు తీసి మళ్ళీ ఇచ్చింది. ప్లగ్గు సగం ఊడబెరికి కదిలించింది. తడిచేత్తో బటన్ల మీద తట్టింది. గడియారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పింది. ఎలాగైనా తప్పు చెయ్యవే అని లోపల్లోపల బతిమాలింది. అది చెయ్యలేదు. కరెంటు పోయినా టైము మర్చిపోలేదు, ఆపమన్నాక ఆగే ఉంది. నీళ్ళ వేడి ఎక్కడా తగ్గదు, పొడి అంతా సమంగా తడుస్తుంది, ఫ్లాస్కులో పోసిన కాఫీ మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమె చేతికి ఇంత మంచి యంత్రం రాలేదు. ఆమె ఖర్మ కొద్దీ ఇప్పుడే వచ్చింది.

మధ్యలో ఎడిటరు ఫోన్ చేశాడు. పరామర్శ అయ్యాక అసలు విషయానికి వచ్చాడు. ఈ మెషీన్‌కి మొదటి స్థానం ఇచ్చి పేజీ కట్టేశారట, సాయంత్రానికల్లా అచ్చుకి పోవాలట. దానంతటదే ఆన్ అయిందని ఆమె రాసిస్తే మాత్రం పేజీ ఆపి, ముఖచిత్రమే మార్చేస్తానన్నాడు. మీ ఇంటికి కష్టం వచ్చింది, నీకు న్యాయం జరగాలి అని కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మనిషి బాధలో కూడా ముఖచిత్రం కనబడటం ఆ ఉద్యోగంతో వచ్చే జబ్బు. సాయంత్రం చెప్తానని కోడలు పెట్టేసింది.

అప్పుడు చేసింది ఆమె ఇంతసేపూ చెయ్యని పని. గోరుతో గీరి నల్ల టేపు అంచు లేపి, మొత్తం ఊడబెరికింది. కంపెనీ పేరు బయటపడింది. ఆ పేరు పక్కనే, టేపు కింద, చిన్న ఎర్ర దీపం ఉంది. యంత్రంలో మందు తిరుగుతోంది, కాఫీ పెట్టకండి అని చెప్పే దీపం అది. ఉత్త నీళ్ళు పోసినా, మందు కడిగే బటన్ మాత్రం ఎవరూ నొక్కలేదు కాబట్టి ఇంకా ఆరకుండా మిణుకుమిణుకుమంటోంది. దాన్ని కప్పిపెట్టింది ఆమె అంటించిన టేపే. మందు పెట్టేటప్పుడు యంత్రం మీద కాగితం ఎందుకు అంటించలేదని నిన్న డాక్టరు అడిగితే, పరీక్షలో ఉన్న వస్తువు మీద ఏ రాతా ఉండకూడదండీ అని జవాబిచ్చింది. ఆ మాట తలుచుకుని కోడలు చేతిలోని టేపుని ఉండచుట్టి విసిరేసింది.

ఆడపడుచు వచ్చింది ఆ సమయంలోనే. మామగారి పెద్ద కూతురు, బ్యాంకులో అప్పుల విభాగం చూస్తుంది. ఎదుటివాడు నోరు తెరవకముందే అబద్ధం చెప్తాడని నమ్మే అలవాటు ఆమెకి ఆ సీటు నేర్పింది. తండ్రికి లుంగీలు, తువ్వాళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగి, తడిసి ముద్దయిన గట్టునీ, టేపు ఊడిన యంత్రాన్నీ చూసింది.

"దొరికిందా నీ దొంగ?" అంది.

"దొరకలేదు వదినా. మెషీన్ బాగానే ఉంది."

ఈ జవాబు ఆడపడుచు ఊహించలేదు. మెషీన్‌దే తప్పని మరదలు వాదిస్తుందనీ, ఆ వాదన ముక్కలు చెయ్యాలనీ దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చింది. ఆ మాటలన్నీ నోట్లోనే మిగిలిపోయాయి. అయితే నువ్వే మర్చిపోయావన్నమాట అంది. కోడలు తెలియదంది. టైమరు ఆపినట్టు తన వేలికి గుర్తుందనీ, వేలి మాట నమ్మాలో యంత్రం మాట నమ్మాలో తెలియడం లేదనీ చెప్పింది. ఎర్ర దీపం చూపించి, దాన్ని కప్పింది కూడా తనేనని చెప్పింది. దాచిపెట్టే ఓపిక ఆమెకి లేదు.

ఆడపడుచు దీపం కేసి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు మాత్రం బ్యాంకు గొంతే. మా నాన్న నీకు పనివాడా, ఎలుకా, ఏమనుకుని ఆయన మీద ప్రయోగాలు చేశావని అడిగింది. అమ్మ పోయాక ఆయన్ని నా దగ్గరుంచుకుంటానంటే, కోడలి దగ్గరే బాగుందన్నారు, సరేనని ఊరుకున్నాను చూడు, అందుకు నన్ను నేను తిట్టుకోవాలి అంది. అది పుండు మీద కారం చల్లిన మాట. చల్లిన మనిషికి కూడా మండుతోందని తెలిసి కోడలు లుంగీలూ తువ్వాళ్ళూ తెచ్చి చేతికిచ్చింది.

చివరికి ఆడపడుచు బట్టలు సంచిలో కుక్కుకుంటూ, ఇష్టం లేకపోయినా చెప్పాల్సిన మాట చెప్పింది. "కళ్ళు తెరిచారు. ఎవర్నో అడుగుతున్నారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు, తమ్ముణ్ణి చూసీ ఊపారు. ఇంకెవరు? నువ్వే. పద."

ఆసుపత్రిలో ఆ గది మూడో అంతస్తులో ఉంది. వరండా చివర బెంచీ మీద పోలీసాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. విషం తాగిన కేసని ఆసుపత్రివాళ్ళే కబురు పెట్టారట. డాక్టరు వచ్చి, రోగి స్పృహలోనే ఉన్నాడంటేగానీ తను లోపలికి రానని చెప్పాడు. ఆడపడుచు డాక్టర్ని వెతకడానికి వెళ్ళింది. కొడుకు కిందకి వెళ్ళాడని నర్సు చెప్పింది. కోడలు ఒక్కతే లోపలికి వెళ్ళింది.

మామగారు సగానికి సగం అయిపోయారు. పెదాలు నల్లగా పొక్కులు కట్టాయి. డాక్టరు నిన్న రాత్రి చెప్పిన మాట ఆమె చెవిలో ఇంకా ఉంది, గొంతు కింద అన్నవాహికకి చిల్లు పడకుండా ఈ రెండు రోజులూ గడిస్తే అప్పుడు చూద్దామన్నాడు. ఏ ముఖం పెట్టుకుని ఆయన ముందుకి వెళ్ళాలా అని కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళిన కోడలు, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆమెని చూడగానే ఆ కళ్ళు వెలిగాయి. ఎదురుచూసి ఎదురుచూసి రైలు దిగిన మనిషిని చూసినట్టు చూశారు.

సూది లేని చెయ్యి మెల్లగా లేచింది. ఒక్క వేలు చూపించింది.

మంచినీళ్ళు అడుగుతున్నారేమో అని వెనక నుంచి నర్సు అంది, కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే సైగ, ఏమీ ఇవ్వకూడదని చెప్పినా వినరు. కోడలు కదల్లేదు. ఆ వేలు దించి, మామగారు అరచెయ్యి పైకి చేశారు, దాన్ని మెల్లగా తిప్పి దుప్పటి మీద బోర్లించారు. తర్వాత ఆమె కళ్ళలోకి చూస్తూ ఎదురుచూశారు.

ఆ ఇంట్లో మనిషికి తప్ప ఆ సైగ ఎవరికీ అర్థం కాదు. అయిదుకి ఒకటి. దొంగ కప్పు. పట్టేశాను.

ఆ పొద్దున ఆయన కప్పు సాసర్లో బోర్లా ఉంది. అందరూ చూశారు, చేతిలోంచి జారి పడిందనుకున్నారు. జారలేదు. మొదటి గుక్కకే నాలుక కాలి ఉంటుంది. ఇంకెవరి ఇంట్లోనైనా ఇంకే ముసలాయనైనా ఆ గుక్క ఊసేసి, కప్పు విసిరికొట్టి, ఇంటిల్లిపాదినీ లేపేవాడు. ఈయన ఊసెయ్యలేదు. ఇది కోడలి పరీక్ష, ఈసారి గట్టి పరీక్షే పెట్టింది, అడుగుదాకా తాగితేగానీ మార్కు చెల్లదు అనుకున్నారు. అలా అనుకుని నిప్పుని గుక్కగుక్కగా మింగారు. ముఖం చిట్లించకుండా మింగి ఉంటారు, ఎందుకంటే అదీ నియమమే. కప్పు బోర్లించాకే పడిపోయారు.

గుండె చెరువైపోవడమంటే ఏమిటో కోడలికి అప్పుడు తెలిసింది. నేలమీద కూలబడి తల మంచం పట్టీకి కొట్టుకోవాలనిపించింది. కానీ ఆయన ఇంకా చూస్తున్నారు, మెచ్చుకుంటుందని. ఆ చూపు ముందు ఏడవటానికి కూడా ఆమెకి హక్కు లేదు.

"పట్టేశారు మామయ్యా," అంది. "మీ నుంచి ఏదీ దాటిపోదు."

ఆయన కళ్ళు నవ్వాయి. అప్పుడిక ఆమె ఆగలేకపోయింది. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అది పరీక్ష కాదు మామయ్యా, పొరపాటు, మందు పోసి ఉంచాను, మీరు తాగకూడదది అని గబగబా చెప్పేసింది. ఆ నవ్వు ఆయన కళ్ళలోంచి ఎలా జారిపోయిందో మనం రాయకుండా ఉంటేనే మంచిది. కోడలు మాత్రం చూసింది, చూసి తల దించుకోలేదు. ఇంత దూరం వచ్చాక అడగాల్సింది అడిగేయాలనుకుంది. ఆయన పడుకునేది హాల్లో, కిటికీ పక్కన. అక్కణ్ణించి వంటింటి గట్టు మొత్తం కనిపిస్తుంది. ఆయనకి నిద్ర తక్కువ.

నేను టైమరు ఆపకుండా పడుకున్నానా అని అడిగింది. మామగారు తల అడ్డంగా ఊపారు. ఆపాను కదా? అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచారు. మీరు లేచి నొక్కారా? కాదు. మరి అదే ఆన్ అయిందా? కాదు. ఇంకెవరు మామయ్యా అనబోయి ఆమె ఆగింది. ఆయన చూపు ఆమె మీద లేదు. ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళింది.

గుమ్మంలో ఆమె భర్త ఉన్నాడు. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

ఆయన శీతల గిడ్డంగిలో స్టోర్ కీపరు. సరుకు దిగే రోజుల్లో రెండో షిఫ్టు చేసి అందరూ పడుకున్నాక ఇంటికొస్తాడు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. వరండా మలుపులో, చక్రాల కుర్చీలు మడిచిపెట్టిన చోట నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి యంత్రం మీద టైమరు వెలుగు ఆరిపోయి ఉందట. భార్య మర్చిపోయిందనుకున్నాడట. ఒక్క రోజు తప్పితే పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టాలని ఆమె ఎన్నోసార్లు విసుక్కుంది. తొట్టి చూశాడు, నీళ్ళు నిండుగా ఉన్నాయి. పొడి వేసి, టైమరు నొక్కి, మంచిపని చేశాననుకుంటూ పడుకున్నాడట.

"నీళ్ళనుకున్నాను," అన్నాడు. "ఎవరైనా అలాగే అనుకుంటారు కదా."

అనుకుంటారు. అది కోడలికీ తెలుసు. మందుకి రంగు లేదు, వాసన లేదు, దీపం మీద టేపు ఉంది. ఇందులో ఆయన్ని తిట్టడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఆమె అడిగింది వేరే.

"మరి నిన్నంతా ఎందుకు చెప్పలేదు?"

"అక్క ముఖం చూశాక నోరు పెగల్లేదు."

"నా ముఖం చూడలేదా?"

ఆయన ఫ్లాస్కు మూత బిగించి ఉన్నా ఇంకా బిగిస్తున్నాడు. తలెత్తకుండానే తను ఆలోచించుకున్న ఉపాయం బయటపెట్టాడు. మెషీన్ దానంతటదే ఆన్ అయిందని రాసెయ్యి. నీ పత్రికలో నువ్వు రాస్తే కాదనేవాళ్ళు ఎవరున్నారు? అక్క నీ మీద పడదు, నా మీద పడదు, నాన్న మనసు కూడా తేలికపడుతుంది. ఆ యంత్రానికేమైనా పెళ్ళాం పిల్లలున్నారా, దానికి చెడ్డపేరు వస్తే ఎవరు ఏడుస్తారు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు, ఇంటి సంగతి ఇంట్లోనే ఉంచుదాం అన్నాడు.

కోడలు అబద్ధం ఎరగని మనిషేం కాదు. అత్తగారి చివరి రోజుల్లో, తగ్గిపోతుందత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కానీ ఏ వస్తువు గురించీ అబద్ధం రాయలేదు. ఆమె రాతని నమ్మి ముక్కూముఖం తెలియనివాళ్ళు జీతంలోంచి డబ్బు తీసి కొనుక్కుంటారు. అంతకన్నా ముందు ఇంకో సంగతి ఉంది. నేను ఆపాను, నా వేలు అబద్ధం చెప్పలేదు అని ఇప్పుడే తెలిసింది. తెలిసిన ఆ ఒక్క నిజాన్నీ వెంటనే యంత్రం నెత్తిన రుద్దెయ్యమంటున్నాడు ఈయన. కోపం ఆమె కాళ్ళ నుంచి పైకి వచ్చింది.

"నేను మందు పోశాను, నేను టేపు అంటించాను. ఆ రెండూ మీ అక్క ముందు ఒప్పుకున్నాను. మూడోది మీరు ఒప్పుకోండి," అంది. "మీరు చెప్పకపోతే మామయ్యనే అడగమంటాను. ఆయన చూశారు."

భర్త ముఖం అప్పుడు చూడాలి. మింగలేక కక్కలేక, చూశారా అని అడిగాడు. చూశారని ఆమె చెప్పింది.

వరండాలో అడుగుల చప్పుడైంది. ఆడపడుచు డాక్టర్ని పట్టుకొచ్చింది, వెనక పోలీసాయన టోపీ సర్దుకుంటూ వస్తున్నాడు. డాక్టరు రోగి కళ్ళూ నాడీ చూసి, తెలివిగానే ఉన్నారు, ఎక్కువ అలసట పెట్టకండి అన్నాడు. అందరూ మంచం చుట్టూ చేరారు. కోడలు తలవైపు నిలబడింది. మామగారు ఆమె చెయ్యి అందుకుని పట్టుకున్నారు. పోలీసాయన మంచిమనిషి, గొంతు తగ్గించి, పెద్దాయన మాట్లాడలేరు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఎవరైనా అడగండి, నేను చూసి రాసుకుంటానన్నాడు. అడగడానికి ఆడపడుచు ముందుకొచ్చింది.

కోడలు భర్త వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పండని ఆ చూపు. ఆయన కిటికీలోంచి అవతలి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తున్నాడు.

"అడగండి వదినా," అంది కోడలు. "మామయ్యకి తెలుసు."

ఆడపడుచు తండ్రి మీదకి వంగింది. ఇంతసేపూ బిగబట్టుకున్న బ్యాంకు గొంతు అక్కడ విరిగిపోయింది. "నాన్నా, ఆ రాత్రి మెషీన్ ఎవరు నొక్కారో చూశావా?"

మామగారు కళ్ళు మూసి తెరిచారు. చూశాను.

"తమ్ముడా?"

మామగారు కొడుకు వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ కొడుకు చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు కూడా ఇలాగే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడేమో, మనకి తెలియదు. పడికట్టు రాయిలో కొంచెం తేడా ఉంటే సొంత బావమరిది కొట్టుకి కూడా తాళం వేయించిన మనిషి ఆయన. ఆ మనిషి తల మెల్లగా అడ్డంగా కదిలింది. కాదు.

కోడలు తప్పు చూశాననుకుంది. ఆడపడుచు కూడా నమ్మలేనట్టు ఇంకోసారి అడిగింది. మళ్ళీ అదే, కాదు.

"మరి ఈ అమ్మాయా?"

మామగారు కోడలి వైపు చూడలేదు. ఎదురుగా గోడ కేసి చూస్తూ కళ్ళు మూశారు, తెరిచారు. అవును. కంటి కొస నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి. పోలీసాయన రాసుకున్నాడు. రాసుకుని, ఇది మామూలుగా అడిగే ప్రశ్నేనన్నట్టు కొడుకు వైపు తిరిగి, ఆ రాత్రి మీరెక్కడున్నారు అని అడిగాడు.

కిటికీ దగ్గరి మనిషి ఇటు తిరిగాడు. "డ్యూటీలో ఉన్నానండీ. రెండు షిఫ్టులూ చేశాను. తెల్లారాకే ఇంటికొచ్చాను," అన్నాడు.

కోడలు తలెత్తింది. చెప్పడానికి మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు మామగారు, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి, వద్దన్నట్టు ఆమె చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నారు.